ఆట పుస్తకం ఉంది, ఆడేవాళ్లే దొరకడం లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకటే బాధ. టేబుల్ చుట్టూ కూర్చుని, ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలా ఒక పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్స్‌లో ఎక్కువమందికి తెలిసింది డంజియన్స్ అండ్ డ్రాగన్స్. దాన్నే డీ అండ్ డీ అంటారు. ఆ ఆటకి పిలిస్తే ఎవరో ఒకరు వస్తారు. ఇంకో ఆట పేరెత్తితే 'చూద్దాం' అని ఊరుకుంటారు. మూడు ఉత్తరాలకి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను, మిగతా రెండింటికీ కావలసింది కొంత అందులోనే ఉంది.

ప్రశ్న: అక్కా, మాది కూకట్‌పల్లి. ఐటీ ఉద్యోగం. ఆఫీసు ఫ్రెండ్స్‌తో రెండేళ్లుగా శనివారాలు డీ అండ్ డీ ఆడుతున్నాను. నాకు సైన్స్ ఫిక్షన్ అంటే పిచ్చి. అంతరిక్షంలో సాగే ట్రావెలర్ అనే ఆట పుస్తకం కొని ఏడాది దాటింది, ఒక్కసారీ ఆడలేదు. వాట్సాప్ గ్రూపులో 'ట్రావెలర్ ఆడదామా?' అని పెడితే ఒకడు 'మళ్లీ కొత్త రూల్సా' అన్నాడు, ఇద్దరు థంబ్స్ అప్ పెట్టి వదిలేశారు. సిటీలో ట్రావెలర్ ఆడేవాళ్లని ఎక్కడ వెతకాలి?

జవాబు: తమ్ముడూ, ట్రావెలర్ ఆడేవాళ్ల కోసం వెతకడం ఆపెయ్. ఒక శనివారం సాయంత్రం మీ ఇంటికొచ్చి మూడు గంటలు కూర్చోగల ముగ్గుర్ని వెతుక్కో. వాళ్లని ట్రావెలర్ ఆడేవాళ్లుగా చేయడం నీ పని. పెద్దగా పేరు లేని ఆటలన్నీ ఇలాగే నడుస్తాయి. ఆ ఆట మీద ప్రేమున్నవాడు ఒక్కడుంటాడు, మిగతావాళ్లు అతని మీద నమ్మకంతో వస్తారు.

'మళ్లీ కొత్త రూల్సా' అన్న అబ్బాయిని నేను తప్పుపట్టను. డీ అండ్ డీ నేర్చుకోవడానికి అతను చాలా కష్టపడి ఉంటాడు. కొత్త ఆట అనగానే ఇంకో లావుపాటి పుస్తకం చదవాలని భయం. అందుకే ముందే చెప్పెయ్: పుస్తకం చదివేది నువ్వొక్కడివే. వాళ్లకి కావలసిన రూలు ఒక వాక్యంలో సరిపోతుంది. రెండు డైస్ వెయ్యి, నీ నైపుణ్యం అంకె కలుపు, 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పని అయినట్టే. ఇరవై ముఖాల డైస్ అక్కర్లేదు, ఇంట్లో ఆటల డబ్బాలో ఉండే మామూలు డైస్ చాలు.

ఇక పిలుపు. ఆట పేరుతో పిలవకు. ఆ పేరు నీకు తప్ప ఎవరికీ ఏమీ చెప్పదు. కథతో పిలువు. నేనైతే ఇలా పెడతాను: "మనదొక పాత సరుకుల షిప్పు. అంతరిక్షంలో ఊరూరూ తిరుగుతూ సరుకు దింపుకుంటాం. 40 ఏళ్ల లోన్ మీద కొన్నాం. నెలాఖరు వచ్చేసింది, ఈఎంఐకి డబ్బుల్లేవు. ఒకాయన ఒక పెట్టె ఇచ్చి, తెరవకుండా చేరిస్తే రెట్టింపు కిరాయి ఇస్తానంటున్నాడు. శనివారం 6 గంటలకి మా ఇంట్లో, 9కి ముగిస్తాం. బిర్యానీ నాది."

ఈ లోన్ సంగతి నేను కల్పించింది కాదు. మార్క్ మిల్లర్ రాసిన ట్రావెలర్ 1977లో వచ్చింది. షిప్పు అప్పు లెక్క అప్పటి నుంచీ ఈ ఆటకి ప్రాణం. ముందు 20 శాతం కట్టాలి, ఆ తర్వాత షిప్పు ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు. అంటే కిస్తీలే ధరకి రెట్టింపు అవుతాయి. ఫ్లాట్ లోన్ కడుతున్న నీ ఫ్రెండ్స్‌కి ఈ టెన్షన్ ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. రాక్షసుణ్ణి చంపాలి అంటే ఎందుకు అని అడుగుతారేమో కానీ, ఐదో తారీఖులోపు డబ్బు కట్టాలి అంటే ఎవరూ అడగరు.

మొదటి సాయంత్రం కథ మొదలుపెట్టకపోయినా ఫర్వాలేదు, పాత్రలు తయారు చేయించు చాలు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదే. పాత్ర 18 ఏళ్ల వయసులో మొదలవుతుంది. ఏ ఉద్యోగంలో చేరాలో ఎంచుకోవాలి. ఆ తర్వాత నాలుగేసి ఏళ్లకి ఒకసారి డైస్ వేసి, ఆ ఉద్యోగంలో నిలదొక్కుకున్నారా, ఏం జరిగింది, ప్రమోషన్ వచ్చిందా అని చూస్తారు. 34 నిండితే వయసు మీద పడడానికి కూడా డైస్ వెయ్యాలి. మొదటి ఎడిషన్లో ఆ నిలదొక్కుకునే డైస్ పడకపోతే పాత్ర చచ్చిపోయేది, ఆట మొదలవకముందే! ఇప్పటి ఎడిషన్లలో ప్రాణం పోదు, ఏదో ఒక దెబ్బ తగిలి ఉద్యోగం పోతుంది.

మా పక్క ఫ్లాట్‌లో ఒకావిడ ఉన్నారు, బ్యాంకు ఉద్యోగి. ఇలాంటి ఆటలు ఎప్పుడూ చూసి ఎరగరు. టీ తాగడానికి వచ్చి, మేం పాత్రలు చేసుకుంటుంటే కూర్చున్నారు. ఆవిడ పాత్ర వ్యాపారుల ఓడలో చేరింది. ఎనిమిదేళ్లు బ్రహ్మాండంగా గడిచాయి, ఒక ప్రమోషన్ కూడా. మూడో దఫా డైస్ పడలేదు. ఆట పుస్తకంలోని పట్టిక చూస్తే, ఇంకో వ్యాపారి మోసం చేసి దివాలా తీయించాడని వచ్చింది. చేతిలో పైసా లేదు, వయసు 30, ఆ వ్యాపారి ఆవిడ పాత్రకి ప్రత్యర్థిగా మిగిలాడు. ఆవిడ కప్పు కింద పెట్టి, 'వాడు ఇప్పుడు ఏ గ్రహం మీద ఉన్నాడు?' అన్నారు. వచ్చే శనివారం తెలుస్తుంది అన్నాను. వచ్చారు. ఇప్పటికీ వస్తున్నారు.

ఇంకో సంగతి. ఇప్పటి ఎడిషన్లో ఇద్దరు ఆటగాళ్లు తమ గతాల్లోని ఒక సంఘటనని కలుపుకుంటే, ఇద్దరికీ ఒక నైపుణ్యం అదనంగా దొరుకుతుంది. 'ఆ యుద్ధంలో నిన్ను మోసుకొచ్చింది నేనే' అని ఒకరు, 'నా తుపాకీ పోగొట్టిందీ నువ్వే' అని ఇంకొకరు. రెండు గంటల్లో వాళ్లు పాత పరిచయస్తులైపోతారు. ఈ సాయంత్రం తర్వాత కూడా రానన్నవాళ్లని ఇక బలవంతపెట్టకు.

ఒక జాగ్రత్త ఉంది. మీ డీ అండ్ డీ కథని ఆపేసి దీన్ని పెట్టకు. రెండేళ్లుగా పెంచుకున్న పాత్రల్ని ఎవరూ ఒక్కరోజులో వదులుకోరు, వదలమనడం అన్యాయం కూడా. ఒకరు ఊరెళ్లారని సెషన్ క్యాన్సిల్ అయ్యే శనివారాలు ఉంటాయి కదా, వాటిని తీసుకో. ముగ్గురుంటే చాలు. మూడు సెషన్లలో ముగిసే కథ అని మాటిచ్చి, నిజంగానే ముగించు. ఎప్పటికీ నడిచే కథకి ఒప్పుకోవడం అందరికీ బరువే. చివర ఉందని తెలిస్తే ధైర్యంగా వస్తారు.

అప్పటికీ మనుషులు చాలకపోతే, బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్లని అడుగు. లెక్కలు, సరుకులు, రూట్లు వాళ్లకి అలవాటే. వాళ్లలో కొత్త ఆట రూల్స్ వినడానికి సరదాపడేవాళ్లు ఎక్కువ. డీ అండ్ డీలో మునిగినవాళ్లని మార్చడం కంటే ఏమీ ఆడనివాళ్లని పిలవడం సులువని నా నమ్మకం.

ప్రశ్న: అక్కా, నేను బొబ్బిలి దగ్గర పల్లెటూళ్లో ఉంటాను, బీఎస్సీ రెండో ఏడు. వీడియోల్లో ఈ ఆటలు చూసి ఆడాలని చాలా ఆశగా ఉంది. మా చుట్టుపక్కల ఒక్కరికీ తెలియదు. పుస్తకాలన్నీ ఇంగ్లిష్‌లో, పైగా ఖరీదు. ఆన్‌లైన్లో తెలియనివాళ్లతో ఆడతానంటే అమ్మ ఒప్పుకోవట్లేదు.

జవాబు: చెల్లీ, నీకు పుస్తకం కొనాల్సిన పని లేదు. జాన్ హార్పర్ రాసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనే అంతరిక్షం ఆట మొత్తం ఒక్క పేజీ. ఉచితంగా దొరుకుతుంది. ప్రతి ఆటగాడూ 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకుంటాడు. బుర్రతో, లెక్కతో చేసే పనికి డైస్ మీద ఆ అంకె కంటే తక్కువ రావాలి. మనసుతో, తెగువతో చేసే పనికి ఎక్కువ రావాలి. సరిగ్గా అదే అంకె పడితే పని అవుతుంది, పైగా కథ నడిపేవాళ్లని ఒక ప్రశ్న అడిగి నిజం రాబట్టొచ్చు. ఇంత చిన్న రూలు కాబట్టే ఎందరో దీన్ని తమ కథలకి తగ్గట్టు మార్చుకున్నారు. అంతరిక్షం నచ్చకపోతే నువ్వూ మార్చుకో.

సంక్రాంతికి మీ ఇంటికి పిన్ని పిల్లలు, అత్త పిల్లలు వస్తారుగా? కనుమ నాడు భోజనాలయ్యాక అరుగు మీద కూర్చోబెట్టు. నేను మా వాళ్లతో ఆడించింది ఇది: ఊరూరూ తిరిగే బుర్రకథ దళం, రాత్రి వ్యాను ఆగిపోయింది, దగ్గర్లో ఒక ఊరు, ఆ ఊళ్లో ఒక్క దీపం కూడా లేదు. పిల్లల్లో ఒకడు డక్కీ వాయించేవాణ్ణని మొదలుపెట్టి, ఊరి పెద్ద పాత్రతో అచ్చం వాళ్ల తాత మాట్లాడినట్టే మాట్లాడాడు. వంటింట్లోంచి అంతా వింటున్న మా పెద్దమ్మ గుమ్మం దగ్గరికొచ్చి, 'ఆ పెద్దాయన అబద్ధం చెప్తున్నాడు, బావి చూడండి' అంది. డైస్ ఆవిడ చేతికిచ్చాం. ఇదంతా తెలుగులోనే, మీ ఊరి మాటలోనే నడపాలి. పేజీ ఇంగ్లిష్‌లో ఉన్నా చదివేది నువ్వొక్కదానివే కదా.

ఒక్కదానివే ఆడాలనిపించిన రోజుల కోసం షాన్ టామ్‌కిన్ రాసిన ఐరన్‌స్వార్న్ అనే ఆట ఉంది, 2018లో వచ్చింది. ప్రధాన పుస్తకం డిజిటల్‌గా ఉచితం. కథ నడిపే మనిషి లేకుండా ఒంటరిగా ఆడడానికి కావలసిన ఏర్పాట్లన్నీ అందులో ఉన్నాయి. ఇంగ్లిష్ కాస్త పట్టుబట్టి చదవాలి. నెమ్మదిగా చదువు, వస్తుంది.

ఆన్‌లైన్ విషయంలో మీ అమ్మగారి భయాన్ని నేను గౌరవిస్తాను. ఆవిడకి నచ్చజెప్పడం కంటే చూపించడం మేలు. మొదటి రోజు ఆడకు, వినడానికి మాత్రమే చేరు, ఆవిడ పక్కనే ఉండనీ. ఆట మొదలవకముందు 'సెషన్ జీరో' పెట్టి, ఏ విషయాలు కథలోకి రాకూడదో అందర్నీ అడిగే గ్రూపుని ఎంచుకో. జాన్ స్టావ్రోపౌలస్ అనే ఆయన ఎక్స్ కార్డ్ అని ఒక పద్ధతి పెట్టాడు. ఎవరికైనా కథ ఇబ్బందిగా అనిపిస్తే ఆ కార్డు చూపిస్తారు, ఆన్‌లైన్లో అయితే ఎక్స్ అని టైప్ చేస్తారు. ఎందుకని ఎవరూ అడగరు, ఆ భాగం వదిలేసి ముందుకెళ్తారు. 'మీ గ్రూపులో ఎక్స్ కార్డ్ ఉందా?' అని అడుగు. నవ్వి కొట్టిపారేశారంటే అక్కడ ఉండకు. ఫోన్ నంబరు, ఊరు పేరు ఎవరికీ ఇవ్వకు. టైం కూడా చూసుకో: మనకి ఆదివారం పొద్దున ఆరున్నర అంటే న్యూయార్క్‌లో శనివారం రాత్రి, వేసవిలో 9, చలికాలంలో 8. అక్కడివాళ్లు ఆడే సమయం అదే, నీకు నిద్ర చెడదు.

ప్రశ్న: నమస్తే మేడమ్. మేం డాలస్ దగ్గర ఉంటాం. నలభైల్లో ఉన్నాను, ఇద్దరు పిల్లలు. ఇక్కడి గేమ్ షాపుకి వెళ్తే అన్ని టేబుళ్ల మీదా డీ అండ్ డీయే. నాకు ఆర్థర్ రాజు వీరుల కథల మీద వచ్చిన పెండ్రాగన్ అనే ఆట నడపాలని కోరిక. అమెరికాలోనే మనుషులు దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతారు?

జవాబు: మీరున్నది డీ అండ్ డీ పుట్టిన దేశం. 1974 నుంచి అక్కడ దాని నీడ పెద్దది. అదే జపాన్‌లో అయితే కాల్ ఆఫ్ కథుల్హు ఆడేవాళ్లు ఎక్కువ. జర్మనీలో 1984లో వచ్చిన ది డార్క్ ఐ ఎంతో కాలం ఇంటింటి ఆట. ఏ ఆట ఎక్కడ బలపడిందన్నది చరిత్ర, దాన్నిబట్టి పెండ్రాగన్ విలువ తగ్గదు. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో ఇచ్చిన ఈ ఆట కంటే మిన్నగా ఒక మనిషి స్వభావాన్ని కాగితం మీద పెట్టిన ఆటని నేను చూడలేదు. 13 జంటల గుణాలు, ఒక్కో జంట కలిపితే 20. ఔదార్యం 15 అయితే స్వార్థం 5. చెయ్యి చాచినవాడి ముందు మీ వీరుడు ఏం చేస్తాడో ఒక్కోసారి మీరు కాదు, ఆ అంకెలే చెప్తాయి.

పైగా ఇది పిల్లలున్నవాళ్లకి సరిపోయే ఆట. మామూలుగా ఒక సెషన్ అంటే కథలో ఒక ఏడాది. ఎవరైనా రాలేకపోతే, ఆ ఏడు వాళ్ల వీరుడు తన ఊళ్లో పొలం చూసుకుంటున్నాడు, అంతే. నెలకొకసారి కలిసినా కథ తెగదు. ఏడాది చివర చలికాలంలో పంట, పెళ్లి, పిల్లలు అన్నీ డైస్ మీద తేలతాయి. వీరుడు పోతే కొడుకు వస్తాడు. జానపద సినిమాలు చూసి పెరిగిన మీ తెలుగు స్నేహితుల్ని వారాంతపు పాట్‌లక్‌లో అడిగారా? రాజ్యం, వంశం, ఇచ్చిన మాట, పంతం అంటే వాళ్లకి వివరించనక్కర్లేదు. షాపులో వెతకడం కంటే ముందు అక్కడ అడగండి.

షాపునీ వదలొద్దు. నిర్వాహకుల్ని అడిగి ఒక సాయంత్రానికి టేబుల్ మీద 'ఆర్థర్ రాజు కొలువులో ఒక ఏడాది, కొత్తవాళ్లకి, పాత్రలు సిద్ధం' అని కాగితం పెట్టండి. వీలైతే ఆగస్టు ప్రాంతంలో ఇండియానాపొలిస్‌లో జరిగే జెన్ కాన్ అనే ఆటల మేళాకి వెళ్లండి. 1968లో మొదలైన ఆ మేళాకి జనం ఊళ్లో దొరకని ఆటలు రుచి చూడడానికే వస్తారు. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి. అక్కడ మీ పక్కన కూర్చున్నవాళ్లలో టెక్సస్ వాళ్లు ఉన్నారేమో అడిగి నంబరు తీసుకోండి.

ఆటలో మీ మొదటి చలికాలం గడిచాక మళ్లీ రాయండి. ఎవరి వీరుడికి పెళ్లి కుదిరిందో, ఎవరి పంట పోయిందో తెలుసుకోవాలని ఉంది.