సీఎంకే-3 చేయబోతున్న అమ్మాయికి

విశాఖపట్నం

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

సీఎంకే-3 అనే సూక్ష్మరంధ్రాల కార్బన్ మీద పరిశోధనకు కుదిరావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషించాను. ప్రయోగశాలలో తల నెరిసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు చెబుతాను.

లోపలంతా సన్నని గొట్టాల్లాంటి రంధ్రాలుండే ఎస్‌బీఏ-15 సిలికాను, కార్బన్ పోతపోసే అచ్చుగా తీసుకోవడం మంచి నిర్ణయం. ఎంసీఎం-41 అనే మరో సిలికాలో గొట్టాలు ఒకదానితో ఒకటి కలవవు. అచ్చు కరిగించగానే లోపలి కార్బన్ కడ్డీలు విడిపోయి చెల్లాచెదురవుతాయి. ఎస్‌బీఏ-15 గొట్టాల గోడల్లో సన్నని దారులుంటాయి. వాటిలో ఏర్పడిన కార్బనే కడ్డీలను పట్టి ఉంచుతుంది. కొరియాలో రసాయన శాస్త్రవేత్త ర్యూ బృందం 2000లో సీఎంకే-3ని నిలబెట్టింది ఈ ఆధారం మీదే. సిలికాను మరీ ఎక్కువగా కాలిస్తే ఆ దారులు మూసుకుపోతాయి, జాగ్రత్త.

మన ఊరి గాలి నీకు తెలిసిందే. మూత తీసి ఉంచిన సిలికా తేమ పీల్చేస్తుంది. రాత్రంతా ఓవెన్‌లో ఆరబెట్టి, చల్లారగానే తూచు. లేకపోతే నువ్వు తూచినదాంట్లో కొంత నీరే.

గొట్టాల్లో కార్బన్‌గా మారేది పంచదారే. గ్రాము సిలికాకు 1.25 గ్రాముల పంచదార, 0.14 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 5 గ్రాముల నీరు. 100 డిగ్రీల దగ్గర ఆరు గంటలు, 160 దగ్గర మరో ఆరు. పొడి ముదురు రంగుకు తిరుగుతుంది. నీరు పోయి, పంచదార కుంచించుకుపోయిన చోట ఖాళీ మిగులుతుంది కదా, దాన్ని నింపడానికే 0.8 గ్రాముల పంచదార, 0.09 గ్రాముల ఆమ్లం, అంతే నీటితో రెండో విడత. తొందరపడి దీన్ని ఎగ్గొట్టేవాళ్లున్నారు, నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. పొడిని భూతద్దంతో చూడు. గింజల మీద మెరిసే పెచ్చు కనిపిస్తే పంచదార లోపలికి దిగక బయటే మాడిందన్నమాట. తరువాత నైట్రోజన్‌లో 900 డిగ్రీలు. గాలి చొరబడిందా, కార్బన్ కాలిపోతుంది.

అచ్చు కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం జోలికి పోవద్దమ్మా. పలచటిది పడితే మొదట నొప్పి కూడా తెలియదు, చర్మంలోంచి దిగి ఒంట్లో కాల్షియాన్ని పట్టేస్తుంది. నీరు, ఇథనాల్ కలిపిన వేడి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో రెండుసార్లు చేస్తే పని జరుగుతుంది. గైడు ఆ ఆమ్లమే వాడమంటే దానికి విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ చేతికందేలా పెట్టుకో, ఒంటరిగా చెయ్యకు.

గ్రాముకు 1500 చదరపు మీటర్ల ఉపరితలం వస్తుందని అందరూ ఎదురుచూస్తారు. కొలిచేముందు చిటికెడు కార్బన్‌ను గాలిలో పూర్తిగా కాల్చి చూడు. తెల్లని బూడిద మిగిలితే అది కరగని సిలికా. రంధ్రాల లెక్కకు పెద్దగా పనికిరాకపోయినా, బరువులో మాత్రం కలుస్తుంది. ఉత్తరంలో నాకు ముందు ఆ బూడిద ఎంతో రాయి.

మీ పెదనాన్న