కుక్క అరుపును ఫోన్‌కు అప్పగించే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఊరి చివరి ఇంట్లో మీ అమ్మ ఒక్కతే ఉంటోందని, మీ కుక్క ఎందుకు మొరుగుతోందో పసిగట్టి హైదరాబాదులో ఉన్న నీకు కబురు పంపే పరికరం ఏదైనా పెట్టించాలనుకుంటున్నానని రాశావు. టెలిఫోన్ శాఖలో 30 ఏళ్లు లైన్లలో వచ్చే గరగరతోనే కాపురం చేసినవాణ్ణి, తోటలో అలాంటిదాన్నే రెండేళ్లుగా నడుపుతున్నవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను.

కుక్క మొరుగుతోందని గుర్తుపట్టడం ఇప్పుడు మామూలు ఫోన్లకు కూడా చేతనవుతుంది. ఎందుకు మొరుగుతోందో చెప్పడమే కష్టం. 2002లో జపాన్‌లోని తకారా కంపెనీ బౌలింగువల్ అనే పరికరంతో కుక్క అరుపును ఆరు భావాలుగా విడగొట్టి చూపించింది గానీ, అది సరదాకే పనికొచ్చింది. 2008లో హంగేరీ పరిశోధకులు ‘ముడి’ అనే అక్కడి కుక్కల జాతికి చెందిన 14 కుక్కల అరుపులను, ఆరు వేలకు పైగా, కంప్యూటర్‌కు ఇస్తే, అవి ఆరు సందర్భాలలో ఏ సందర్భంలో మొరిగినవో అది 43 శాతం మేరకే సరిగ్గా చెప్పగలిగింది. అయితే ఆటలో మొరిగినవాటి దగ్గర తడబడిన ఆ కంప్యూటరే కొత్త మనిషిని చూసి మొరిగినవాటిని మెరుగ్గా పట్టుకుంది. మనకు కావలసింది కూడా అదే కదా.

ఈ తేడా నీ చెవికి కూడా అందుతుంది. కొత్తవాళ్లు గేటు దగ్గరికి వస్తే మా నాటు కుక్క గొంతు లావుగా, బొంగురుగా మారుతుంది, అరుపుకూ అరుపుకూ మధ్య ఊపిరి పీల్చుకునే సందు కూడా ఉండదు. మేము ఊరెళ్లి దాన్ని ఒంటరిగా వదిలితే సన్నగా, సాగదీసి, ఆగి ఆగి అరుస్తుందని పక్క తోటవాళ్లు చెబుతారు. పామును చూసినప్పుడు వెనక్కీ ముందుకీ అడుగులు వేస్తూ ఒకే చోట మొరుగుతుంది, ఆ అడుగులు మైకుకు కనిపించవు. అందుకని పరికరం బిగించిన మొదటి నెల ఏ వేళ మొరిగిందో, బయట ఏముందో అమ్మ చేత ఒక నోటుపుస్తకంలో రాయించు. ఏ కంపెనీ లెక్కకన్నా ఆ పుస్తకమే నీకు ఎక్కువ చెబుతుంది.

నేను చేసిన పొరపాటు నువ్వు చేయకు. మైకును గేటు స్తంభానికి, వీధివైపు తిప్పి బిగించాను. ఒక వీధికుక్క మొదలుపెడితే పేటంతా అందుకోవడంతో మొదటి రాత్రే 17 సార్లు ఫోన్ మోగింది. విసుగొచ్చి మూడో రాత్రి దాన్ని సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే బోరు మోటారు రాగి తీగ లేదు. మా కుక్క రెండున్నరకు ఐదు నిమిషాలు ఆపకుండా మొరిగిన రికార్డు మాత్రం ఫోన్‌లో భద్రంగా ఉంది.

కనుక మైకును వసారా చూరు కింద, కుక్క పడుకునే చోటువైపు తిప్పి పెట్టించు. ఏసీ బయటి యూనిట్‌కూ ఫ్యానుకూ అది దూరంగా ఉండాలి. రాత్రి 11 నుంచి 5 వరకు మాత్రమే, అదీ ఇరవై సెకన్లకు మించి వరుసగా మొరిగితేనే కబురు వచ్చేలా అమర్చుకో. కబురుతోపాటు పెరటి దీపం కూడా దానంతటదే వెలిగే ఏర్పాటుంటే ఇంకా మంచిది. వైఫై పెట్టెను ఇన్వర్టర్‌కు కలపడం మరిచిపోకు, మన ఊళ్లో కరెంటు పోయేది సరిగ్గా ఆ వేళల్లోనే.

అమ్మ రాత్రి చెవి మిషన్ తీసేస్తుంది కదా, ఆమె కోసం వేరే ఖర్చు అక్కర్లేదు. చెవుడు ఉన్నవాళ్ల కోసమే 2020 నుంచి ఐఫోన్లలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ శబ్దాలను గుర్తించే సదుపాయం ఇస్తున్నారు, కుక్క అరుపు కూడా అందులో ఉంది. ఫోన్‌ను కిటికీ దగ్గర ఉంచితే అరుపు వినబడగానే వణుకుతుంది, తెర మీద రాసి చూపిస్తుంది. అయితే ఆ వణుకు ఆమె ఒంటికి తెలిసేలా మంచాన్ని కిటికీ పక్కకు జరిపి, ఫోన్‌ను మంచం మీదే ఆమెకు తగిలేలా ఉంచాలి. ఇంట్లో మాటలు బయటి సర్వర్లకు వెళ్లకుండా శబ్దాన్ని ఫోన్‌లోనే పరిశీలిస్తుంది కనుక నాకు ఈ పద్ధతే నచ్చింది.

కబురు అందగానే నువ్వు అక్కడి నుంచి చేయగలిగింది ఫోన్ చేయడమే కనుక, ఐదు నిమిషాల్లో రాగల ఇద్దరు పొరుగువాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకో, అవసరమైతే 112కు చెప్పు. అమ్మను మాత్రం తలుపు తీయవద్దని గట్టిగా చెప్పు. దొంగలు బిస్కెట్‌లో మందు పెట్టి కుక్క నోరు మూయించడం పాత పద్ధతే, ఆ నిశ్శబ్దానికి ఏ పరికరమూ మోగదు. పరాయివాళ్లు వేసింది ముట్టకుండా కుక్కకు ఇప్పటి నుంచే నేర్పించు. మొదటి వారం రికార్డులు నాకు పంపితే విని చూస్తాను.

మీ మామయ్య