యుద్ధం ముగిసిన దేశాల్లో పనిచేయాలంటే ఏం చదవాలి?

యుద్ధంలో దెబ్బతిన్న దేశాలను మళ్లీ నిలబెట్టే పనిలోకి వెళ్లాలని ఉంది, శాంతి అధ్యయనాల్లో ఎం.ఏ. చేయనా అని అడిగారు. నన్నడిగితే వద్దు. సివిల్, సర్వే, అకౌంట్స్, నర్సింగ్... ఏదో ఒక పని బాగా నేర్చుకుని వెళ్లండి.

నాది చిత్తూరు. తమిళం వచ్చు కాబట్టే శ్రీలంక ఉత్తర ప్రాంతంలో పని దొరికింది. 2009లో అక్కడి సైన్యానికీ ఎల్టీటీఈకీ మధ్య యుద్ధం ముగిశాక అక్కడ మన ప్రభుత్వం 50,000 ఇళ్ల పథకం పెట్టింది. కొత్త ఇంటికి ఐదున్నర లక్షల శ్రీలంక రూపాయలు విడతలుగా బ్యాంకు ఖాతాలో పడేవి. ఇల్లు ఎవరిది వాళ్లే కట్టుకోవాలి. పునాది అయిందా, గోడలు లేచాయా అని చూసి తర్వాతి విడతకు రాసివ్వడం మా పని.

కిలినొచ్చి దగ్గర ఒకావిడ ఇల్లు మొదలే కాలేదు. స్థలం పర్మిట్, అంటే ప్రభుత్వ స్థలం వాడుకోవడానికి ఇచ్చే కాగితం, భర్త పేరు మీద ఉంది. ఆయన యుద్ధం చివరి నెలల్లో కనిపించకుండా పోయాడు. ఆఫీసులో మరణ ధ్రువపత్రం తెమ్మన్నారు. కనిపించనివాళ్లు చనిపోయినట్టు నమోదు చేసుకునే చట్టం 2010లోనే వచ్చింది. కానీ ఆమె సంతకం పెట్టనంది. "ఆయన లేడని నా చేత్తో ఎలా రాసిస్తాను తంబీ? రేపు వస్తే ఏం చెప్పను?" అంది. చుట్టుపక్కల గోడలు లింటెల్ దాకా లేచాయి. ఆమె మాత్రం ఇద్దరు పిల్లలతో రేకుల షెడ్డులోనే ఉంది. ఎలాగోలా సంతకం పెట్టించమని మా టీంలో కొందరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మన వీఆర్వో లాంటి గ్రామాధికారి అక్కడా ఉంటాడు. ఆయన ముందు ఇరుగుపొరుగుతో చెప్పించి, ఆ స్థలం ఆమె అనుభవంలోనే ఉందని పై ఆఫీసు నుంచి లేఖ తెప్పించాం. ఆ లేఖ మీదే ఇల్లు కట్టింది. మరణ పత్రానికి బదులు, మనిషి కనిపించడం లేదని మాత్రమే చెప్పే పత్రం ఇచ్చేలా 2016లో చట్టం మార్చారు. ఇలాంటి ఆడవాళ్ల పట్టుదల వల్లే అది మారిందని నా గట్టి నమ్మకం.

అందుకే అంటాను, మన దగ్గర పదేళ్లు వీఆర్వోగా చేసినవాళ్లకు ఈ పని ఏ ఎం.ఏ. వాళ్లకన్నా బాగా వస్తుంది. యుద్ధం తర్వాత తగాదాల్లో చాలా భూమి కాగితాలవే. కానీ వాళ్లను ఎవరూ పిలవరు. మూడు రోజులకు విమానంలో దిగే కన్సల్టెంట్లను పిలుస్తారు. వాళ్లు చక్కటి ఇంగ్లీషులో రిపోర్టు రాసి వెళ్లిపోతారు, ఊళ్లో ఎవరికీ అది అర్థం కాదు.

జీతం డాలర్లలో వస్తుందా అని చాలామంది అడుగుతారు. రావచ్చు. కానీ కాంట్రాక్టు ఏడాదికో, ఆరు నెలలకో ఉంటుంది. దాతల డబ్బు ఆగితే అది కూడా ఆగుతుంది. పెళ్లి, ఇంటి లోను లాంటివి దీన్ని నమ్ముకుని పెట్టుకుంటే టెన్షన్ తప్పదు. ముందు ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం యూఎన్ వాలంటీర్స్‌లో పేరు నమోదు చేసుకోండి. ఎం.ఏ. ఫీజుకు దాచిన డబ్బుంటే దాంతో ఫ్రెంచ్ నేర్చుకోండి. కాంగో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ లాంటి చోట్ల నాకు తమిళం పనికొచ్చినట్టు మీకు అది పనికొస్తుంది.