ఫోన్ చూస్తూ కదలని పిల్లాడికి ఏడీహెచ్‌డీ ఉంటుందా?

ఫోన్ ఇస్తే రెండు గంటలు కదలడు, పుస్తకం ఇస్తే రెండు నిమిషాలు కూర్చోడు, ఇది బద్ధకమేగా అని ఒకరు అడిగారు. కాదండీ, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలపలేకపోవడం, కుదురుగా ఆగలేకపోవడం ఉండే మెదడు ఎదుగుదల సమస్య) కూడా అయ్యుండొచ్చు. అందులో శ్రద్ధ అసలు లేకపోవడం కాదు, దాన్ని కావాల్సిన చోట నిలపడమే కష్టం. ఫోన్‌లో క్షణానికో కొత్త బొమ్మ వస్తుంది, ఎక్కాల పుస్తకంలో రాదు.

నేను కావలిలో ఇలాగే పెరిగాను. అమ్మ కరివేపాకు తెమ్మని పంపితే, వీధి చివర బోరింగు బాగుచేస్తుంటే చూస్తూ నిలబడిపోయేవాణ్ణి. పొయ్యి మీద పులుసు దించి అమ్మే వెతుక్కుంటూ వచ్చేది. బడిలో లెక్క తెలిసినా ప్లస్సును మైనస్‌గా చూసేవాణ్ణి. గోలీలాటలో నా వంతు దాకా ఆగలేక గొడవపడేవాణ్ణి. చివరికి ఎవరూ ఆటకు పిలవలేదు. తిట్లకన్నా అదే ఎక్కువ బాధించింది.

ఈ లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించాయా, 6 నెలలుగా ఉన్నాయా, ఇంట్లోనూ బడిలోనూ ఉన్నాయా అని డాక్టర్లు చూస్తారు. అందుకే టీచరు గమనించినవి రాయించుకుని వెళ్లండి. 18 ఏళ్లలోపు పిల్లల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య పరీక్షల పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) చూసే సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది.

ఈలోగా వంటింట్లోంచి మూడు పనులు కేకేసి చెప్పకండి. దగ్గరికెళ్లి, భుజం మీద చెయ్యేసి, ఒక్కటే చెప్పండి.