నల్ల చుక్క పెట్టినా వెలుగు వలయం పోవట్లేదంటే

సైన్స్ పోటీకి నువ్వు చేస్తున్నది కరోనాగ్రాఫ్ నమూనా, అంటే నక్షత్రం వెలుగును మూసి పక్కనున్న గ్రహాన్ని చూపే పరికరం. అందులో బల్బు నక్షత్రం, ఎల్‌ఈడీ గ్రహం. నల్ల చుక్క పెట్టినా వలయం పోవట్లేదంటే తప్పు నీ చుక్కది కాదు తమ్ముడూ. బల్బు నక్షత్రాన్ని అది మూసింది. ముందు లెన్సు అంచు దగ్గర వంగిన వెలుగు మాత్రం చుక్కను దాటి వస్తోంది. గ్రహం ఎల్‌ఈడీని మింగేస్తున్న వలయం అదే. చుక్క పెద్దది చేశావంటే గ్రహం కూడా దాని వెనక్కే పోతుంది. నీ దాంట్లో లేనిది లియో స్టాప్, అంటే ఆ అంచు వెలుగును ఆపే చిల్లు అట్ట.

1. చుక్క సరిగ్గా ముందు లెన్సు ఫోకస్ దగ్గర, దాని వెనకే రెండో లెన్సు.

2. అందరూ వదిలేసేది ఇదే. చుక్క తీసెయ్. ముందు లెన్సుకు పెన్సిలు గీత గీసిన ట్రేసింగ్ పేపర్ అతికించి టార్చి కొట్టు. రెండో లెన్సు వెనక తెల్ల కాగితం ముందుకీ వెనక్కీ జరుపు. గీత చక్కగా తేలిన చోటే స్టాప్ పెట్టాలి. ముందు లెన్సు 30 మి.మీ. వెడల్పు, 20 సెం.మీ. ఫోకస్, రెండోది 5 సెం.మీ. ఫోకస్ అయితే ముందు లెన్సు బొమ్మ రెండో లెన్సుకు దాదాపు 6.7 సెం.మీ. వెనక 10 మి.మీ. గుండ్రంగా పడుతుంది.

3. ట్రేసింగ్ పేపర్ తీసి చుక్క పెట్టు. కాగితం మీద నడుమ చీకటి, అంచున సన్నటి ఉంగరం కనిపిస్తుంది. నల్ల అట్టకు 8 మి.మీ. చిల్లు కొట్టి ఆ ఉంగరాన్ని మూసెయ్.

ఫ్రాన్స్ ఖగోళ శాస్త్రవేత్త బెర్నార్డ్ లియో 1930ల్లో సూర్యుడి కరోనా (సూర్యుడి చుట్టూ ఉండే మసక వెలుగు) చూసింది ఈ ఉపాయంతోనే. జడ్జీలు అడిగితే చెప్పు: సూర్యుడి పక్కన భూమి దాదాపు 1,000 కోట్ల రెట్లు మసక. నీ ఎల్‌ఈడీని అంత తగ్గించకు!

4. లెన్సులు తుడువు. మన అనంతపురం దుమ్ముకు ఒక్క పూట చాలు. ఫోన్లో ఎక్స్‌పోజర్ లాక్ చేసి తియ్.