ఫిలడెల్ఫియా సర్టిఫికెట్ ఇక్కడ చెల్లుతుందా?

ప్రశ్న: ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతున్నానండీ. సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల తీరును సరిదిద్దుతూ మాటలతో చేసే మానసిక చికిత్స) నేర్చుకోవాలంటే బెక్ ఇన్‌స్టిట్యూట్ పేరే చెబుతున్నారు. అది కాలేజీయా, ఆసుపత్రా? అక్కడ కోర్సు చేస్తే ఇక్కడ ప్రాక్టీస్ పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కాలేజీ కాదమ్మా. 1994లో ఆరన్ బెక్, ఆయన కూతురు జూడిత్ కలిసి అమెరికాలో ఫిలడెల్ఫియా పక్కన పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. థెరపిస్టులకు శిక్షణ ఇవ్వడం, పరిశోధన, చికిత్స, మూడూ చేస్తుంది. ఆరన్ బెక్ మొదట మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ దారిలోనే నడిచిన డాక్టరు, కానీ డిప్రెషన్ ఉన్నవాళ్లను గమనిస్తుంటే వాళ్ల మనసులో చటుక్కున మెదిలే ఆలోచనలే బాధను పెంచుతున్నాయని తోచి, 1960లలో ఈ సీబీటీ పద్ధతికి రూపమిచ్చారు. 2021లో, నూరేళ్లు నిండాక పోయారు.

ఈ చికిత్స ఎలా ఉంటుందంటే, ఉదాహరణకు, స్నేహితురాలు మీ వాట్సాప్ మెసేజ్ చూసి కూడా జవాబివ్వలేదనుకోండి. 'నేనంటే దానికి పడదు' అనిపిస్తుంది కదా, ఆ మాటను కాగితం మీద పెట్టించి, దీనికి సాక్ష్యమేంటి, వేరే కారణం ఉండొచ్చా అని కూర్చుని వెతికిస్తారు. వినడానికి తేలికే, చేయించడమే కష్టం!

ఆన్‌లైన్ కోర్సులున్నాయి, ఫీజు డాలర్లలో, ముందే చూసుకోండి. కానీ అక్కడి సర్టిఫికెట్ ఇక్కడ లైసెన్స్ కాదు. క్లినికల్ సైకాలజిస్టుగా బోర్డు పెట్టాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఈ వృత్తికి రిజిస్ట్రేషన్ ఇచ్చే కేంద్ర సంస్థ) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ముందు ఆ సంగతి చూడండి.