క్రియోల్, కేజన్ వంటల కోసమే మూడు రోజులు లూసియానా వెళ్తే ఎక్కడ ఏం తినాలి?

మీరు అడిగినవి మూడు. అక్టోబర్‌లో హ్యూస్టన్ నుంచి శుక్రవారం బయల్దేరి సోమవారానికి తిరిగొచ్చేలా ఎక్కడెక్కడ తినాలి, క్రియోల్‌కీ కేజన్‌కీ తేడా ఏంటి, మన నోటికి సరిపడా కారం ఉంటుందా.

కారం సంగతి ముందే చెప్పేస్తాను, ఉండదు. గుంటూరు కారం అలవాటైన నాలుకకి అక్కడ "స్పైసీ" అన్నది మిరియాల చారు దగ్గరే ఆగిపోతుంది. కారం కోసం వెళ్తే డబ్బులు దండగ. నేను మొదటిసారి సరిగ్గా ఆ పనే చేశాను.

మేం ఉండేది హ్యూస్టన్ పక్కనున్న కేటీ ఊళ్లో. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్లాం. మొదటిసారి నేరుగా న్యూ ఓర్లీన్స్ వెళ్లి, బర్బన్ స్ట్రీట్‌లో గట్టిగా పాటలు వినిపిస్తున్న ఒక హోటల్లో దూరి జాంబలాయా చెప్పాను. పొడిపొడిగా ఎండిపోయిన అన్నం, పైన తియ్యటి టమాటా గుజ్జు, నాలుగు సాసేజ్ ముక్కలు. పెళ్లిలో ఆఖరి బంతికి మిగిలిన టమాటా రైస్ లాగుంది. హోటల్ పేరు ఎందుకులెండి, ఆ వీధిలో అలాంటివి చాలానే ఉన్నాయి. ఇంటికొచ్చి "లూసియానా తిండి అంతా ప్రచారమే" అని రెండేళ్లు అందరికీ చెప్పుకు తిరిగాను.

అందుకే నా సలహా: ముందు పల్లె, తర్వాత పట్నం. లాఫాయెట్ చుట్టుపక్కల ఒక రోజున్నర తినండి, ఆ తర్వాతే న్యూ ఓర్లీన్స్. హ్యూస్టన్ నుంచి ఐ-10 హైవే మీద లాఫాయెట్ మూడున్నర గంటలు, అక్కడ్నుంచి న్యూ ఓర్లీన్స్ ఇంకో రెండుంబావు. ఎలాగూ దారిలోదే.

మొన్న మార్చిలో అమ్మ భీమవరం నుంచి వచ్చినప్పుడు ఇలాగే వెళ్లాం. అమ్మకి చేపా రొయ్యా లేనిదే ముద్ద దిగదు, పంది మాంసం మాత్రం ముట్టదు. లూసియానాలో ఇది పెద్ద చిక్కే. లేక్ చార్ల్స్ దాటాక రోడ్డుకి రెండు పక్కలా నీళ్లు నిండిన మళ్లు, వాటిలో వరసగా నీళ్లపైకి పొడుచుకొచ్చిన వల బుట్టల తలలు. అమ్మ అద్దం దించి, "ఒరేయ్, మన చెరువులే కదరా ఇవి!" అంది. నిజానికి అవి వరిమళ్లే. వేసవి చివర కోత అయ్యాక, అక్టోబర్ ప్రాంతంలో మళ్లీ నీళ్లు పెడతారు. అప్పటిదాకా బొరియల్లో దాక్కున్న క్రాఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవులు) బయటికొస్తాయి. చలికాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా వాటిని పడతారు. తర్వాత అదే మడిలో మళ్లీ వరి వేసుకోవచ్చు. మా వైపు ఒకసారి చెరువు తవ్వాక ఆ పొలం ముఖం వరి మళ్లీ చూడలేదు. అమ్మ దాని గురించి క్రౌలీ అనే ఊరు దాటేదాకా మాట్లాడుతూనే ఉంది.

శనివారం పొద్దున టిఫిన్‌కి స్కాట్ వెళ్లండి. లాఫాయెట్‌ని ఆనుకునే ఉంటుంది. తమ ఊరు ప్రపంచానికే బూడాన్ రాజధాని అని బోర్డు పెట్టుకున్నారు. బూడాన్ అంటే అన్నం, పంది మాంసం, కాస్త కాలేయం, ఉల్లికాడలు కలిపి పేగు తొడుగులో కూరి ఉడికించింది. మాంసం కొట్లలో, ఆఖరికి గ్యాస్ స్టేషన్లలో కూడా అమ్ముతారు. కూర్చుని తినే ఏర్పాటు కోసం చూడకండి. కాగితంలో చుట్టిస్తారు, జనం కారు బానెట్ మీద పెట్టుకుని నిలబడే తింటారు. తొడుగు కొరికి తినేది కాదు. ఒక చివర పళ్లతో పట్టి, రెండో చివర్నుంచి వేళ్లతో నొక్కితే లోపలి అన్నం మెత్తగా నోట్లోకి వస్తుంది. నేనది తెలీక మొదటిదాన్ని కరకరా నమిలేస్తుంటే, పక్క ట్రక్కులో పెద్దాయన చూసి నవ్వుకుని, మాటల్లేకుండా చేత్తో చూపించాడు. కొన్ని కొట్లలో క్రాఫిష్ బూడాన్ కూడా ఉంటుంది. అమ్మ అది తిని, "పులావుని పేగులో కూరారు, అంతే కదా" అని తేల్చేసింది.

ఇక అసలు విషయం, గంబో. లాఫాయెట్‌లో ఒక మామూలు మధ్యాహ్న భోజనం హోటల్లో అమ్మకి సీఫుడ్ గంబో చెప్పాం. నల్లటి పులుసు, మధ్యలో గుప్పెడు అన్నం. అమ్మ ముందు వాసన చూసింది. ఒక చెంచా నోట్లో పెట్టుకుని కాసేపు ఏమీ అనలేదు.

"పులుసులో చింతపండు వెయ్యడం మర్చిపోయార్రా వీళ్లు. కానీ ఏదో వేయించిన వాసన ఉంది. సున్నుండల వాసన."

నాలుగు ప్రయాణాల్లో నేను పట్టుకోలేనిది అమ్మ ఒక్క చెంచాతో పట్టేసింది. ఆ వాసన "రూ" అనేదానిది. సమానంగా నూనె, మైదా వేసి సన్నటి సెగ మీద ముప్పావుగంట పాటు ఆపకుండా తిప్పితే వచ్చే ముద్ద. ముందు లేత పసుపు, తర్వాత వేరుశెనగ ముద్ద రంగు, తర్వాత కొత్త రాగి చెంబు రంగు, చివరికి చాక్లెట్ రంగు. సున్నుండలకి మినుములు వేయిస్తున్నప్పుడు ఫోన్ మోగినా ఎత్తరే, అదే నియమం. ముదిరే కొద్దీ రుచి పెరుగుతుంది, చిక్కబరిచే గుణం తగ్గుతుంది. అందుకే నల్లటి గంబో చారులా పల్చగా ఉంటుంది. చూసి, నీళ్లు కలిపారనుకోకండి. అనుకున్న రంగు రాగానే తరిగిన ఉల్లిపాయలు, సెలరీ, పచ్చి కాప్సికం ఒక్కసారిగా గుమ్మరిస్తారు. ఆ మూడింటినీ అక్కడ "హోలీ ట్రినిటీ" అంటారు. వాటిలోని నీటికి సెగ తగ్గి పిండి మాడకుండా ఆగుతుంది. ఇది చదివి తెలుసుకున్నది కాదు. ఇంటికొచ్చాక రెండుసార్లు మాడ్చాను. రెండోసారి పొగకి అలారం మోగింది, పక్కింటాయన తలుపు కొట్టాడు. ఒక్క నల్ల చుక్క కనబడినా మొత్తం పారబోయడమే, చేదు దాచలేం.

గంబో అన్న మాట వెనక బెండకాయే ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చినవాళ్ల భాషల్లో బెండకాయ పేరు అది. కొందరు బెండకాయతో చిక్కబరుస్తారు, కొందరు ఫిలే పొడితో. ఫిలే అంటే ససాఫ్రస్ చెట్టు ఆకుల పొడి, చోక్టా తెగవాళ్లు నేర్పింది. పొయ్యి దించాకే చల్లాలి, మరిగిస్తే తీగలు సాగుతుంది. ఒకే గిన్నెలో ఫ్రెంచివాళ్ల రూ, ఆఫ్రికావాళ్ల బెండకాయ, అక్కడి ఆదివాసుల ఆకుపొడి.

మీ రెండో ప్రశ్నకి సగం జవాబు దీంట్లోనే ఉంది. కేజన్లు అంటే ఇప్పటి కెనడాలోని అకాడియా నుంచి 1755 మొదలుకుని బ్రిటిష్‌వాళ్లు తరిమేసిన ఫ్రెంచి రైతులు. అకాడియన్ అన్న మాటే నలిగి కేజన్ అయింది. చిత్తడి నేలల్లో, మైదానాల్లో ఇళ్లు కట్టుకుని దొరికింది ఒకే కుండలో వండుకున్నారు. క్రియోల్ అంటే 1718లో పుట్టిన న్యూ ఓర్లీన్స్ పట్నపు వంట. ఫ్రెంచి, స్పానిష్ యజమానుల వంటిళ్లే గానీ, గరిట పట్టింది ఎక్కువగా నల్లజాతి ఆడవాళ్లు. వెన్న, టమాటా, సముద్రపు సరుకు ధారాళంగా పడతాయి. టమాటా ఉంటే క్రియోల్, లేకుంటే కేజన్ అని ఒక గుర్తు చెబుతారు. జాంబలాయాకైతే చాలావరకు సరిపోతుంది: పట్నంలో ఎర్రగా, పల్లెల్లో మాంసం అడుగంటేలా వేయించిన గోధుమరంగులో ఉంటుంది. మిగతావాటికి ఆ గీత నిలబడదు. లాఫాయెట్ పల్లెల్లోనూ తమని క్రియోల్ అని చెప్పుకునే నల్లజాతి కుటుంబాలు బోలెడు.

ప్రతిదాన్నీ మసాలాలో ముంచి నల్లగా కాల్చి "కేజన్" అని పేరు పెట్టడం కూడా పాత సంప్రదాయమేమీ కాదు. ఓపెలూసాస్‌కి చెందిన పాల్ ప్రూడోమ్ 1979లో న్యూ ఓర్లీన్స్‌లో హోటల్ పెట్టి, రెడ్‌ఫిష్‌ని అలా కాల్చి పెట్టాడు. దేశమంతా ఎగబడింది. ఎంతగా అంటే ఆ చేప తరిగిపోతోందని 1980లలో దాని వేట మీద ఆంక్షలు పెట్టాల్సొచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఎవరీ ఐలాండ్‌కి ఒక గంటన్నర కేటాయించండి. ఉప్పు కొండ మీద ఉన్న ఊరు, టబాస్కో సాస్ 1868 నుంచీ అక్కడిదే. మిరపకాయ, ఉప్పు, వెనిగర్, అంతే. నూరిన పండుమిరప ముద్దని ఓక్ పీపాల్లో పోసి, మూత మీద ఉప్పు గట్టిగా పరిచి మూడేళ్ల దాకా ఊరబెడతారు. ఆ పీపాల గది వాసనకి అమ్మ తుమ్మి, "జాడీలో పెట్టుకునే కొరివికారమే కదరా, దీనికి టికెట్టా?" అంది. కాయ సరిగ్గా పండిందో లేదో చూడటానికి కోసేవాళ్ల దగ్గర ఎర్ర రంగు వేసిన చిన్న పుల్ల ఉండేదట. నాకైతే టికెట్ డబ్బులు ఆ ఒక్క ముక్కకే చెల్లిపోయాయి.

క్రాఫిష్ గురించి ఊరించి వదిలేస్తున్నాను, ఎందుకంటే మీకు అక్టోబర్‌లో దొరకదు. మెనూలో కనబడితే అది గడ్డకట్టించిన తోక మాంసమే, ఎటూఫే లాంటి కూరలో పర్వాలేదు. తాజాగా ఉడికించింది కావాలంటే మార్చి, ఏప్రిల్. మేం లాఫాయెట్ దగ్గర్లోని బ్రో బ్రిడ్జ్ అనే ఊళ్లో ముగ్గురికీ కలిపి పది పౌండ్లు చెప్పాం. తొక్కు పోగా తినేది అందులో ఆరోవంతు కూడా ఉండదు. చుట్టూ అమెరికన్లు తల పీల్చాలా వద్దా అని మొహమాట పడుతుంటే, అమ్మ మొదటిదాని తల విరిచి జుర్రుమని పీల్చి రెండోదానికి చెయ్యి చాపింది. రొయ్య తల పారేసే వంశం కాదు మాది. నేను మాత్రం ఆ చేత్తోనే కన్ను నలుపుకుని పావుగంట బాత్‌రూమ్‌లో గడిపాను. ధర పౌండు లెక్కన, రోజుకో రేటు. 2023 కరువు దెబ్బకి మరుసటేడు సీజన్లో ధర చూసి స్థానికులే వెనక్కి తిరిగారు.

ఆదివారం న్యూ ఓర్లీన్స్. పొద్దున్నే కెఫే డు మాండ్, 1862 నుంచి ఉంది. పంచదార పొడిలో పూడ్చిపెట్టిన బెన్యేలు (నూనెలో వేయించిన మైదా పిండి ముక్కలు), చికోరీ కలిపిన పాల కాఫీ. తినేటప్పుడు గట్టిగా ఊపిరి వదలకండి, చొక్కా తెల్లబడుతుంది. అంతర్యుద్ధంలో రేవు దిగ్బంధం అయి కాఫీ గింజలు కరువైనప్పుడు చికోరీ వాడకం బాగా పెరిగిందని చెబుతారు. కారణం ఏదైనా, అమెరికాలో మన ఫిల్టర్ కాఫీకి దగ్గరి చుట్టం ఇదొక్కటే. వడ్డించే ఆవిడ అమ్మని "ఇంకేం కావాలి బేబీ?" అనడిగింది. ఆ ఊళ్లో అందరూ అందర్నీ అలాగే అంటారు. "డెబ్భై దగ్గర పడుతున్న నన్ను పట్టుకుని బేబీ అంటుందేంట్రా!" అని అమ్మ సాయంత్రం దాకా మురిసిపోయింది.

మధ్యాహ్నానికి వేయించిన రొయ్యలతో పోబాయ్ తినండి. 1929లో ట్రామ్ కార్మికులు సమ్మె చేస్తే, ఒకప్పుడు అదే పనిచేసిన మార్టిన్ సోదరులు వాళ్లకి ఊరికే పెట్టిన శాండ్‌విచ్ నుంచి ఆ పేరు వచ్చిందంటారు. డూకీ చేజ్‌లో తినాలనుకుంటే ఏ రోజు తెరుస్తారో చూసుకుని దాని చుట్టూ ప్లాన్ వేసుకోండి. 2019లో పోయిన లియా చేజ్ దశాబ్దాలు వండిన చోటు అది. పౌరహక్కుల ఉద్యమం రోజుల్లో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి కూర్చోవడం చట్టవిరుద్ధమైనప్పుడు, ఆ మేడమీది గదిలో గంబో తింటూ మంతనాలు జరిపేవారు. సోమవారం బయల్దేరేముందు ఎర్ర బీన్స్, అన్నం. బట్టలుతికే రోజు కనుక పొయ్యి మీద పడేసి మర్చిపోయే వంట, ఇప్పటికీ సోమవారమే వండుతారు. మన రాజ్మా అనుకుని నిశ్చింతగా తినకండి, పంది మాంసం పడకుండా ఉండటం అరుదు.

శాకాహారులుంటే నిజం చెప్పాలి, కష్టం. ఆకుకూరల్లోనూ పంది ఎముక ఉడుకుతుంది. "మాంసం లేదు" అన్నా గంబో నీళ్లు కోడిదో రొయ్యదో అయ్యుంటాయి. మొక్కజొన్నతో చేసే మాక్ షూ అడిగి కనుక్కుని తినొచ్చు, బెన్యేలు ఎలాగూ ఉన్నాయి. కారులో పులిహోర పెట్టుకోండి.

మీకు అక్టోబర్‌లో కలిసొచ్చేది ఒకటుంది. ఎవరీ ఐలాండ్ పక్కనే న్యూ ఐబీరియాలో ఏటా ఆ నెలలోనే గంబో వంటల పోటీ జరుగుతుంది. ఒకే చోట రకరకాల చేతుల రూ రుచి చూడొచ్చు. హోటల్ గది తీసుకునే ముందే ఆ తేదీలు చూసుకోండి, నేనూ ఈసారి దానికే వెళ్లాలనుకుంటున్నాను.